ముఖానికి పూయని రంగు

కొర్లగుంటలో తెల్లారితే ముందు వినపడేది కుళాయి దగ్గర బిందెల కొట్లాట, ఆ తర్వాత సుబ్బులమ్మ గొంతు. ఆ పొద్దు మాత్రం ఆ గొంతు లేవలేదు. వాకిట్లో నీళ్ళు చల్లి, ముగ్గు గిన్నె పక్కన పెట్టి, గడప కింద కూర్చుని ఆమె మొగుడి చెప్పులు తిరగేసి చూస్తోంది.

నిన్నంతా వాన. తిరుపతి రోడ్లన్నీ బురద. నడకకని పొద్దున్నే పోయి ఎండెక్కాక తిరిగొచ్చిన మనిషి చెప్పులకు పక్క సందు దాకా పోయొచ్చినంత బురదే అంటింది. అవి నడిచినవాడి చెప్పులు కావు. ఎవరి గడప బయటో విప్పిపెట్టి, లోపల ఫ్యాను కింద చల్లగా కూర్చున్నవాడి చెప్పులు.

"ఏందత్తా, చెప్పులకు జాతకం సూస్తాండావా?" కాఫీ గ్లాసు చేతికిస్తూ కోడలు సుజన నవ్వింది.

"నవ్వు, నవ్వు. మీ మామ దినామూ యాడికి పోతాండాడో తెలుసునా నీకు?"

"నడకకు."

"నడిస్తే చెమట పట్టాల గదా? ఈయన సొక్కాయి ఇస్త్రీ మడత గూడ నలగదు. నిన్న వాసన సూసినా. అత్తరు!"

"రిటైరైన బస్సు డ్రైవరుకు అత్తరెవురు పూస్తారత్తా?"

"నేనూ అదే అడగతాండేది."

సుజన కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి పోయింది. ఇంట్లో పెద్దామె అనుమానమంటే అందరికీ తమాషా. అది ఎక్కడ పుట్టింది, ఎన్నాళ్ళ నుంచి కుళ్ళుతోంది అని ఒక్కరూ అడగరు.

దేవరాజులు స్నానం చేసి వచ్చాడు. కొండ మీదికీ కిందికీ బస్సు తోలి తోలి నడుము అరిగింది గానీ మనిషి ఇంకా నిటారే. తలకు కొబ్బరినూనె రాసి, అద్దం ముందు పాపిట సరిచేసుకుంటూ ఉంటే ఫోను మోగింది. చూసి, గబగబా పెరట్లో కరివేపాకు చెట్టు కిందికి నడిచాడు. సుబ్బులమ్మ చీపురు పట్టుకుని గోడ వెనక నిలబడింది.

"వద్దమ్మా, జుట్టు ఇప్పుడే ముడెయ్యొద్దు. నేనొచ్చిందాకా అట్లే ఇప్పి పెట్టు." గొంతు తగ్గించాడు. "నిన్న ఆ పిల్ల సచ్చిపొయ్యేటప్పుడు కడుపు తరుక్కుపొయింది నాకు. నిద్ర పట్టలే... లేదు లేదు, మా ఇంట్లో తెలీదు. తెలిస్తే కొంప కూలుతుంది."

చీపురు చేతిలోనే ఉండిపోయింది. జుట్టు విప్పుకున్న ఆడది. చచ్చిపోయిన పిల్ల. ఇంట్లో తెలీదు. ఈ ముక్కలు ఎట్లా అతికించినా మంచి బొమ్మ రావడం లేదు.

"యాడికి?" గడప దగ్గర అడ్డం నిలబడి అడిగింది.

"నడకకు."

"నేనూ వస్తా. డాక్టరు నన్నూ నడవమన్నాడు."

"ఆ మోకాళ్ళతో యాడ నడుస్తావు మే? రేపు పోదాంలే."

కళ్ళలోకి చూసి చెప్పాడు. రెప్ప వాల్చలేదు. ఆమెకు భయం వేసేది అక్కడే. ఆ ముఖం ఏదైనా కట్టగలదు.

పెళ్ళైన కొత్తలో ఆయన కార్వేటినగరం పక్క పల్లెలో భారతం మిట్ట మీద ద్రౌపది వేషం కట్టేవాడు. ఆ పక్క ఎండాకాలం వస్తే పద్దెనిమిది నాళ్ళు భారతం ఆడతారు. చివరి రోజు మట్టితో చేసిన ఇంతెత్తు దుర్యోధనుడు కూలితే, అన్నాళ్ళూ విరబోసుకున్న జుట్టును ద్రౌపది ముడి వేసుకుంటుంది. ఊరు ఊరంతా ఏడుస్తుంది. మన ఊళ్ళ నీతి చూడండి: మగవాడు తాగి వీధిలో పడితే ఎత్తుకొచ్చి పడుకోబెడతారు. అదే మగవాడు చీర కడితే, భారతం నడిచినంత కాలం కాళ్ళు మొక్కుతారు, తెల్లారితే పళ్ళికిలిస్తారు. సుబ్బులమ్మ అన్నలే "బావా, ఆ కోక మా పాపకు పంపు" అని అందరిలో ఎగతాళి చేశారు.

ఆ నెలలోనే ఆమె ఆయన చెయ్యి తన పసుపుతాడు మీద పెట్టించుకుని ఒట్టు వేయించింది: "ఇంక ముఖానికి రంగు పూయను." ఆయన పూయలేదు. స్టీరింగు పట్టుకున్నాడు. అన్నల ఎగతాళికి తాళలేక అట్లా చేసిందని అందరూ అనుకున్నారు. కారణం అది కాదు. అసలు కారణం ఆమె నోట ఇంతవరకూ బయటికి రాలేదు.

ఆయన మలుపు తిరగగానే సుబ్బులమ్మ మోకాళ్ళను తిట్టుకుంటూ వెంటపడింది. ఎంతో దూరం పోనక్కర్లేదు. చెప్పుల మీది బురద నిజమే చెప్పింది. పక్క సందులో పీరా సాహెబ్ ఇంటి మెట్టు మీద ఆ చెప్పులు విప్పి ఉన్నాయి. పీరా సాహెబ్ ఒకప్పుడు ఆయన బస్సులో కండక్టరు. ఇప్పుడు స్టేషను దగ్గర అత్తరు అంగడి. పొద్దున పూట ఇంట్లో ఉండడు. ఉండేది భార్య బషీరా, చదువు ముగించి ఇంటి నుంచే ఏదో కంప్యూటరు పని చేసుకునే కూతురు సబియా.

బషీరా వసారాలో చిక్కుడుకాయలు ఒలుస్తోంది.

"రా సుబ్బులక్కా! ఏంది, దారి తప్పినావా?"

"మా ఆయన లోపలుండాడా?"

బషీరా చెయ్యి ఆగింది. "అన్న... మా పాపతో పని సేసుకుంటాండాడు."

"ఏం పని?"

"నాకేం తెలుసక్కా. తలుపేసుకుంటారు. సద్దు లోపలికి రాగూడదంట."

"తలుపేసుకునే పనా!"

అప్పుడే లోపలి నుంచి ఆడగొంతు వినిపించింది. సబియాది కాదు. పండిన గొంతు, తడి ఉన్న గొంతు.

"ముడి వేయను! సభలో ఈడ్చిన ఈ జుట్టును, వాని నెత్తురు కళ్ళజూసే దాకా ముడి వేయను!"

తలుపు మీద చెయ్యి వేసిన సుబ్బులమ్మ అట్లాగే నిలిచిపోయింది. ఆ గొంతు ఆమెకు తెలుసు. అది వేరే ఆడదానిది కాదు. ఆమె మొగుడిది. వేరే ఆడది అయ్యుంటే కొప్పు పట్టుకుని బయటికి ఈడ్చేది. దీన్ని ఏం పట్టుకుని ఈడ్వాలి?

తలుపు తోసింది.

గోడలకు బొంతలు వేలాడుతున్నాయి. బల్ల మీద పెద్ద తెర, దాని ముందర మైకు. తెర మీద ఒక ఆడమనిషి కత్తి పట్టుకుని గుట్ట మీద నిలబడి ఉంది. నడుము దాకా విప్పిన జుట్టు గాలికి ఎగురుతోంది. కుర్చీలో దేవరాజులు కళ్ళు మూసుకుని ఉన్నాడు. చెవులకున్నవి తీసేసి సబియా లేచి నిలబడింది.

"పెద్దమ్మా..."

"నువ్వుండు పాపా. ఏమయ్యా, ఒట్టు ఏసినావు గదా! నా తాడు మీద సెయ్యి పెట్టి ఒట్టు ఏసినావు గదా!"

దేవరాజులు కళ్ళు తెరిచాడు. దొంగతనం చేస్తూ దొరికినవాడిలాగా కాదు, నిద్రలో లేపినవాడిలాగా చూశాడు. తర్వాత రెండు బుగ్గలూ చూపించాడు.

"రంగు పూయనని గదా ఒట్టు. సూడు. పూసినానా?"

"లాయరు మాటలు సెప్పొద్దు! వేషం కట్టినావా లేదా?"

"ఇది కంప్యూటరు ఆట పెద్దమ్మా," సబియా మధ్యలో దూరింది. "ఇందులో మనమే ఒక మనిషైపోవాల. ఆ మనిషి మాదిరి తిరగాల. ఎవుర్ని నమ్మాల, ఎవుర్ని కొట్టాల, అంతా మనమే తేల్చుకోవాల. వేషాలాట అని పెదనాయనే పేరు పెట్టినాడు. ఇట్లాంటి ఆటల్లో కత ఎట్లుంది, ఊర్లూ దార్లూ ఎట్ల కట్టినారు, పాట ఎట్లుంది అని మేమిద్దరం మాట్లాడి నెట్లో పెడతాం. శానా మంది వింటారు."

"ఈ వయసులో వేషాలా! సచ్చిపొయ్యిన పిల్లెవురు?"

"ఆటలో పిల్లే. ఆటలో పెదనాయన ఎంబడి తిరిగే పిల్ల. నిన్న పోయింది."

సుబ్బులమ్మ నమ్మలేదు. ఇద్దరూ కూడబలుక్కున్న కత కావచ్చు. బల్ల పక్క స్టూలు లాక్కుని కూర్చుంది. "సరే. దినామూ ఏం మాట్లాడతారో ఇప్పుడు మాట్లాడండి. తలుపు తీసే మాట్లాడండి. నేను సూడాల."

ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. దేవరాజులు గొంతు సవరించుకుని మొదలుపెట్టాడు.

"ఈ ఆటలో నాకు నచ్చనిది ఒకటే. ఈ పిల్ల జుట్టు. అంగట్లో గాజులు మార్చినట్టు ఎప్పుడంటే అప్పుడు ముడేసుకోవచ్చంట, రంగు మార్చుకోవచ్చంట. పగ తీరినాక ముడేసే జుట్టుకు బరువుంటాది. ఊరికే ముడేస్తే కతేముండాది?"

"ఎవురి వేషం వాళ్ళ ఇష్టం పెదనాయనా," సబియా ఊరుకోలేదు. "పగ ఉండీ జుట్టు ముడేసుకునే ఆడది ఉండకూడదా? మీ ద్రౌపదే ఉండాల్నా అందరి ఇండ్లల్లో?"

"సరే, దారి సంగతి సెప్పు! కొండకు ఎక్కే రోడ్డు వేరే, దిగే రోడ్డు వేరే. దిగేటప్పుడు మన తిరుపతే కొత్త ఊరు మాదిరి కనపడతాది. వీళ్ళు పోయిన దారినే మళ్ళా ఎనక్కి నడిపిస్తాండారు. కాళ్ళు నొప్పులు తప్ప ఏముండాది?"

"అది ఒప్పుకుంటా. పాట మాత్రం ఒప్పుకోను."

"ఏం పాట? ఆ పిల్ల సచ్చిపోతాంటే ఎనక ఏందో వాయిస్తానే ఉండారు. భారతంలో దుర్యోధనుడు పడితే మద్దెల టక్కున ఆగుతుంది. ఒప్పారి, ఆ సావు ఏడుపు పాట ఒకటే వినపడాల!"

"ఆ పాట యాడిదో తెలుసా? మొట్టమొదట ఆ పిల్ల నీళ్ళ దగ్గర కనపడినప్పుడు పాడుకున్న పాట. అదే మెల్లగా వాయించినారు. మీరు ఏడ్చింది సావుకు కాదు, ఆ పాట గుర్తొచ్చి."

దేవరాజులు తెర వైపు తిరిగాడు. "ఓహో," అన్నాడు. "అది నాకు తట్టలేదే! మళ్ళా ఒకసారి పెట్టు, వింటా."

ఆయన ముఖం వెలిగిపోతోంది. ముందుకు వంగి, చేతులు తిప్పుతూ, సబియాతో కొట్లాడుతూ, తెరతో మాట్లాడుతూ ఉన్నాడు. ఇదంతా అబద్ధం కాదని సుబ్బులమ్మకు అర్థమైంది. అర్థమైన కొద్దీ కోపం ఎక్కువైంది.

"సూసినావా పాపా?" స్టూలు మీది నుంచి లేచింది. "సూసినావా ఈయన్ను? నేనీడ కూసోనుండా. కొంప కూలుతుందన్న మనిషి, నేనున్నానని గూడ మర్సిపొయినాడు. ఇదే! ఆ పొద్దూ ఇదే!"

"ఏ పొద్దు?" దేవరాజులు అయోమయంగా చూశాడు.

"నాకు పెండ్లైన ఏడాది. పద్దెనిమిదో నాడు ఆడోళ్ళంతా ద్రౌపది కాళ్ళు మొక్కే దానికి వరసలో నిలబడినారు. నేనూ నిలబడినా. కొత్త కోక కట్టుకోని, నా మొగుడని పొంగిపోయి. కాళ్ళకాడ వంగి తలెత్తినా. నువ్వు నన్ను సూసినావు. ఊర్లో ఆడోళ్ళను ఎట్ల సూసినావో నన్నూ అట్లే సూసినావు. పెండ్లాన్ని గుర్తుపట్టలే! మా అన్నలు నవ్వినారని కాదయ్యా నేను ఒట్టు ఏయించుకునింది. నన్ను ఎరగని ఆ ముఖాన్ని మళ్ళా సూడలేక! అప్పుట్నుంచీ నువ్వు ఏం సెప్పినా, అది నా మొగుడు సెప్తాండాడా, వేషం సెప్తాండాదా అని ఒకటే అనుమానం నాకు."

సబియా తెర మీది గాలి చప్పుడును మెల్లగా ఆపేసింది. తలుపు దగ్గర చిక్కుడుకాయల చాటతో బషీరా.

"గుర్తుపట్టినా మే," దేవరాజులు అన్నాడు.

"అబద్ధం."

"గుర్తుపట్టినట్టు కనపడితే ద్రౌపది పోయి దేవరాజులు మిగిలేవాడు. అంతమంది ఏడస్తాండారు. ఎట్లా సెయ్యాల నేను?" ఆయన ఆమె కొప్పు వైపు చూపించాడు. "నీ కొప్పులో కనకాంబరాలు జారిపోతాండె. వంగినప్పుడు సగం కిందికి యాలాడతాండె. వాటిని లోపలికి దోపినా. గుర్తులేదా? వరసలో అంతమంది ఆడోళ్ళు. ద్రౌపది ఇంకెవురికన్నా పూలు దోపిందా?"

సుబ్బులమ్మ చెయ్యి తనకు తెలియకుండానే కొప్పు దగ్గరికి పోయింది.

దోపింది. ఆ వేళ్ళు ఆమెకు గుర్తున్నాయి. పసుపూ చెమటా కలిసిన వేళ్ళు, కొప్పు కదలకుండా పూలను లోపలికి నెట్టిన వేళ్ళు. ద్రౌపది తల్లే దోపిందని నమ్మింది. కళ్ళకద్దుకుంది. మొగుడు గుర్తుపట్టలేదని కుమిలింది, ఆ తల్లి గుర్తుపట్టిందని ఓదార్చుకుంది. ఇన్నేళ్ళూ ఒకే చేతిని రెండు చేతులు అనుకుంది.

"సెప్పొచ్చు గదయ్యా," అంది. కళ్ళు ధారగా కారుతున్నాయి. "ఒక్క మాట సెప్పొచ్చు గదా!"

"నువ్వు అడగలే. ఒట్టు ఏయమన్నావు. ఏసినా."

సబియా కళ్ళు తుడుచుకుని మైకు వైపు చూసి నాలిక కరుచుకుంది. "అయ్యో పెద్దమ్మా, రికార్డింగు ఆపలేదు! ఇదంతా తీసేస్తాలే."

"తీసెయ్యొద్దు," సుబ్బులమ్మ ముక్కు చీదింది. "అట్లే పెట్టు. కార్వేటినగరంలో మా అన్నలు గూడ వినాల."

బషీరా ముందు నవ్వింది. తర్వాత అందరూ నవ్వారు.

"మరి దీనికి జుట్టు ముడెయ్యమంటారా?" సబియా తెర మీది ఆడమనిషిని చూపించింది.

సుబ్బులమ్మ దగ్గరికి పోయి ఆ జుట్టును తేరిపార చూసింది. "దీని పగ తీరిందా?"

"ఇంకా లేదు."

"అయితే ఎందుకు ముడేస్తారు? ఉండనీ."

ఇంటికి నడిచేటప్పుడు దేవరాజులు ఆమె మోకాళ్ళ కోసం మెల్లగా నడిచాడు. వాకిట్లోకి వచ్చాక సుబ్బులమ్మ ఆగింది. పొద్దున పెట్టిన ముగ్గు గిన్నె అక్కడే ఉంది.

"రంగు పూయనని గదా నీ ఒట్టు? నేను పూస్తే ఒట్టు పోదు గదా?"

ఆయన మాట్లాడే లోపల తన నొసటి కుంకుమను బొటనవేలితో తీసి ఆయన బుగ్గ మీద అడ్డంగా రాసింది. చెమటకు అది దవడ దాకా కారింది. ఆయన కదలకుండా, వేషం కట్టించుకునేవాడు నిలబడినట్టు, గడ్డం పైకెత్తి నిలబడ్డాడు. ఈసారి మాత్రం ఆమెనే చూస్తున్నాడు.

సుజన వాకిలి తీసింది. "మామా! ఆ బుగ్గన ఎర్రగా ఏంది?"

"వేషం," అంది సుబ్బులమ్మ. "నువ్వు పోయి కాఫీ పెట్టు."