మాట జవదాటని చెయ్యి

"గట్టిగా నొక్కండి!"

"నొక్కుతున్నానండీ."

"ఇదా నొక్కడం? దీంతో దోమ కూడా చావదు!"

పట్టు కొలిచే పరికరాన్ని అతని చేతిలోంచి లాక్కుంది ఫిజియోథెరపిస్టు. పిడి వెడల్పును అయిదు రకాలుగా మార్చి చూసింది. అయిదుసార్లూ ముల్లు ఒకే చోట చతికిలబడింది. మనసు పెట్టి నొక్కే చేతికి మధ్య వెడల్పులో బలం ఎక్కువ, రెండు చివర్లా తక్కువ వస్తుంది. గీత గీస్తే గుట్టలా ఉంటుంది. నటించే చేతికి మాత్రం బల్లలా చదునుగా వస్తుంది. ఇతగాడిది బల్లే.

లిఫ్టులు బాగుచేసే మనిషి. ఇనప తాడు కోసుకుపోయి అరచేతిలో నరం తెగితే డాక్టర్లు కుట్టారు. సాయంత్రంలోగా ఆమె అతని కంపెనీకి రిపోర్టు పంపాలి. చెయ్యి బాగుపడిందంటే ఉద్యోగం నిలుస్తుంది, నటిస్తున్నాడంటే ఊడుతుంది.

ఉద్యోగం సంగతి అలా ఉంచితే, అతను అబద్ధాలకోరని రాయడానికి ఆమెకు మనసొప్పడం లేదు. ఒళ్ళు మండేది అందుకే. ఇన్ని వారాలుగా అతను వచ్చే వేళకి అద్దం ముందు జుట్టు సర్దుకుంటోంది మరి! ఆ మహానుభావుడేమో "వేలు వంగుతోందండీ", "వాపు తగ్గిందండీ" తప్ప ఇంకో ముక్క మాట్లాడి ఎరగడు. కిటికీ అవతల వాన దంచికొడుతున్నా తన వేళ్ళే చూసుకుంటాడు.

మొదటిరోజు మాత్రం మాట్లాడాడు. కట్టు విప్పుతుంటే, "మీరు కోపంలో కూడా బావున్నారండీ" అన్నాడు. ఆమె చెడామడా దులిపేసింది.

"చూడండి, పని ఎగ్గొట్టాలని ఉంటే సూటిగా చెప్పండి. నా దగ్గర నాటకాలొద్దు" అంది ఇప్పుడు.

అతని మొహం పాలిపోయింది. "నాటకమా? నేనా?"

పక్కన స్టూలు మీద కూర్చున్న అతని అక్క ఇక ఊరుకోలేకపోయింది. "వీడికి అంత తెలివి కూడానా తల్లీ! చిన్నప్పుడు పొయ్యి మీద పాలు చూస్తుండమన్నాను. పొంగి పొయ్యిపాలయ్యేదాకా చూశాడు. అదేంట్రా అంటే, చూడమన్నావు గానీ దించమన్లేదుగా అన్నాడు! వీడికి నువ్వేం చెప్పావో ఓసారి గుర్తుచేసుకో."

"నేనేం చెప్పాను?"

"నొప్పి తగిలిన చోట ఆగిపొమ్మన్నారు" అన్నాడతను బుద్ధిగా. "గట్టిగా నొక్కమని మీరే చెప్పినా సరే, ఆగిపోవాలన్నారు."

నిజమే, ఆమె అలాగే అంది. కుట్లు పచ్చిగా ఉన్నప్పుడు అన్న మాట అది!

"ఎంత నొప్పి?"

"చీమ కుట్టినంత."

"చీమ కుట్టినంతకా!" తల పట్టుకుంది. "బాబూ, ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. నరం అతుక్కుందని డాక్టరుగారు కూడా చెప్పారు. పళ్ళు బిగించి నొక్కండి!"

నొక్కాడు. ముల్లు పరుగెత్తింది. అయిదు వెడల్పులూ అయ్యేసరికి కాగితం మీద గుట్ట లేచింది. ఆమెకు ఎంత సంతోషమేసిందంటే, అతన్ని ఇంకో నాలుగు తిట్టాలనిపించింది. రిపోర్టు రాసి సంతకం పెట్టింది.

"చికిత్స అయిపోయినట్టేనా అండీ?"

"అయిపోయింది."

"అయితే ఇంకో మాట మాట్లాడొచ్చా? చికిత్స అయ్యేదాకా చెయ్యి గురించి తప్ప నోరెత్తొద్దన్నారు కదా, మొదటిరోజు."

ఆమె పెన్ను కింద పడేసింది. ఇన్ని వారాల మౌనమూ తన నోటి చలవేనన్నమాట!

"మాట్లాడండి మహాప్రభో!"

"రేపట్నుంచి ఇక్కడికి రావడానికి నాకు కారణం లేదు. మిమ్మల్ని చూడకపోతే నాకు తోచదు. ఊరికే రావచ్చా?"

"రండి" అంది. అంతలోనే ఎవరితో మాట్లాడుతోందో గుర్తొచ్చి గబగబా అందుకుంది. "వచ్చి గుమ్మంలో నిలబడిపోకండి. లోపలికి రండి. కూర్చోండి. నోరు తెరిచి మాట్లాడండి!"

అక్క పకపకా నవ్వింది. "ఇంటికెప్పుడు వెళ్ళాలో కూడా ఇప్పుడే చెప్పెయ్యమ్మా. లేకపోతే వీడు కదలడు."

"అది మాత్రం చెప్పను" అంది ఆమె.