కుట్టుమిషను ఎక్కిన కోడిపిల్ల

డ్రిల్లు మాస్టారి ఈలకు విలువ పోయింది. పోగొట్టింది ఒక రబ్బరు పట్టీ. ఇందులో వాదనకు తావు లేదు.

బడిలో పిల్లలందరి చేతికీ ఆ పట్టీ కట్టారు. దాని అద్దంలో ఓ కోడిపిల్ల. పిల్లలు పరుగెడితే బలుస్తుంది, చతికిలబడితే తల వాలుస్తుంది. అందరి కోడిపిల్లలూ హాల్లో పెద్ద తెర మీద కనబడతాయి. పిల్లలకు హుషారుగా ఉంటుందని హెడ్మాస్టరమ్మ మాస్టారి చేతికీ ఒకటి తగిలించింది.

ఆ వారం అందరికంటే బలిసిన కోడిపిల్ల, బడంతా 'బస్తా' అని పిలిచే పిల్లది. ఆ పిల్ల బెంచీ దిగాలంటేనే బతిమాలాలి.

"నీ పట్టీ ఏదీ?" అని మాస్టారు నిలదీశారు.

"మా అత్త దగ్గరుంది, సార్."

అత్తంటే బడి వెనక సందులో టైలరమ్మ. పెళ్ళి మాటెత్తితే కత్తెర చూపిస్తుందని పేరు. మాస్టారు ఆ గుమ్మం ఎక్కేసరికి వాన పట్టుకుంది. లోపల కుట్టుమిషను తొక్కే పలకకు పట్టీ కట్టి ఉంది. ఆమె తొక్కుతుంటే కోడిపిల్ల గంతులేస్తోంది.

"ఇది మోసం!"

"మోసమేంటండీ? కదలకపోతే చచ్చిపోతుందని పిల్ల ఏడ్చింది. నా కాళ్ళు ఎలాగూ ఊరుకోవు. ఓ ప్రాణం నిలబడితే తప్పా?"

"అది ప్రాణం కాదు, బొమ్మ!"

"బొమ్మ కోసం వానలో తడుస్తూ వచ్చారా?"

భార్య పోయాక మాస్టారు పొడుగు మాటలు మానేశారు. "హెడ్మాస్టరమ్మకు చెబుతా," అన్నారు.

"చెప్పండి. మీ కోడిపిల్ల సంగతి కూడా చెప్పండి." ఆమె మిషను ఆపింది. "పిల్లదాని కోసం బడికొచ్చినప్పుడు తెర మీద నేనూ చూశాను. మా పిల్లదాని కోడిపిల్ల తర్వాత అదే బాగా బలిసింది. గ్రౌండులో మీరు కుర్చీ దిగరు. మరి దానికి ఒళ్ళెక్కడిది?"

"సాయంత్రాలు... కాస్త నడుస్తాను."

"ఈ సందులోనేగా! ఆ చివర్నించి ఈ చివరికి. నా గుమ్మం రాగానే మెడ అటు తిప్పేసుకుని."

మాస్టారు చేతి వంక చూసుకున్నారు. పట్టీని అన్ని తిట్లు తిట్టారు గాని, సందులోకి వచ్చేటప్పుడు విప్పాలని తోచలేదు.

"లోపలికి ఎప్పుడొస్తారా అని చూసి చూసి నా మెడ పట్టేసింది," అందామె. "తీరా వచ్చారు, పోట్లాటకి."

వాన జోరందుకుంది. మాస్టారు మిషను చక్రంతో మాట్లాడారు. "మా ఇంట్లో కిటికీ పక్కన ఈ మిషను పట్టే చోటుంది."

"మనిషికి లేదా?"

"మనిషి లేకుండా మిషను ఎవరు తొక్కుతారు?"

గుమ్మం చాటు నుంచి బస్తా తల బయటికొచ్చింది. "అయితే సార్ నాకు మామయ్యా?"

"రేపట్నించి నీ పట్టీ నీ చేతికే ఉండాలి. పరుగెత్తాలి. మామయ్యా లేడు, గీమయ్యా లేడు."

పెళ్ళయ్యాక బస్తా నిజంగానే పరుగెత్తింది. మాస్టారి కోడిపిల్ల మాత్రం తెర మీద చిక్కి పుల్లయింది.

"సార్, నడక ఎందుకు మానేశారు?" అని పిల్లలంతా ఒక్క గొంతుతో అడిగారు.

"ఆ సంగతి ఈ జన్మలో మాట్లాడను," అని మాస్టారు ఈల ఊదారు.