రేవు చివరి చేపల హోటలు

మా రేవులో చివరి చేపల హోటలు రాసిమ్‌ది. ఆయన పోయి ఏడాదైంది, హోటలు మూసి రెండేళ్లు. అయినా అర్ధరాత్రి దాటాక లోపల ఎవరో చేప పొలుసు గీకుతున్న చప్పుడు... గర్... గర్... బార్లు మూశాక అటుగా ఇంటికెళ్లేవాళ్లు 'దెస్తూర్' అని గొణిగి, కనపడనివాళ్లను దారి ఇమ్మని అడిగి, అడుగులు పెంచేవాళ్లు. పడవలో టూరిస్టుల్ని తిప్పే నేను కూడా ఆ కథకు ఉప్పూకారం దట్టించి చెప్పినవాణ్ణే.

ఇప్పుడు చెప్పను. జెవ్దెత్ మాట విన్నాక నోరు రావడం లేదు.

జెవ్దెత్ పక్క హోటలు గుమ్మంలో నిలబడి జనాన్ని పిలిచే మనిషి. "రండక్కా, మా చేప ఇంకా ఈత మరిచిపోలేదు" అంటూ దారిన పోయేవాళ్లను కుర్చీల్లో కూర్చోబెట్టేవాడు. కానీ రాసిమ్ హోటలు మూతపడ్డ ఏడు, ఆగస్టులో ఎంత అరిచినా జనమంతా రాసిమ్ దగ్గరికే. యజమాని గుర్రుగా ఉన్నాడు. రేపణ్ణించి రావద్దంటాడేమోనని వీడికి బెంగ.

ఒక సాయంత్రం రాసిమ్ లోపలికి వెళ్లగానే, తమ దగ్గర మిగిలిన రెండ్రోజుల నాటి చేపలు రెండు తీసుకెళ్లి, ఆయన గుమ్మం ముందున్న మంచుబల్ల మీద పెట్టేశాడు.

మావాళ్లు మొప్పలు ఎత్తి చూడందే చేపను ఒప్పుకోరు. ఇజ్మీర్ నుంచి వచ్చిన ఓ పెద్దావిడ ఎత్తింది. ఎర్రగా ఉండాల్సింది బురదరంగులో ఉంది. ఆవిడ గొంతు రేవంతా వినపడింది. వారం తిరక్కుండానే రాసిమ్ కుర్చీలు ఖాళీ. చలికాలానికి హోటలు మూతపడింది. మరుసటి ఏడు గుండె ఆగి ఆయన పోయాడు.

జనాజా దగ్గర ఇమాం ఎప్పటిలాగే అడిగాడు — ఈయన మీకేమైనా అన్యాయం చేసి ఉంటే క్షమించి, ఈయన మీద మీకున్న హక్కులు వదులుకుంటున్నారా అని. వదులుకున్నామని అందరికన్నా గట్టిగా అన్నది జెవ్దెతే.

"నేను కదన్నా అడగాల్సింది... ఆయన్ని" అన్నాడు మొన్న నాతో ఇదంతా చెబుతూ.  జనాజా రోజు నుంచి వాడికి నిద్ర లేదు.

నవంబరులో ఓ రాత్రి, రెండు గ్లాసుల రాకీ సారా ఇచ్చిన ధైర్యంతో వెళ్లాడు. రేవంతా చీకటి. హోటలు తలుపు ఓరగా తెరిచి ఉంది...

గర్... గర్...

పారిపోదామనుకున్నాడు. కానీ గుమ్మంలోనే కూలబడి, చీకట్లోకి గుసగుసగా చెప్పేశాడు.

"రాసిమన్నా... ఆ చేపలు నేనే పెట్టాను. నీ మీద పగ లేదన్నా. పని పోతుందని భయమేసింది. నా మీద నీకున్న హక్కు వదిలెయ్యి."

గీకుడు ఆగింది.

వంటగది మూల నుంచి ఒక చిన్న దీపం లేచింది. దాని వెనక — సాదెత్. రాసిమ్ భార్య. చేతిలో కత్తి, కాళ్ల దగ్గర గోనెసంచి నిండా ఆల్చిప్పలు. వాటిని గీకి, కడిగి, అన్నం కూరి, బార్ల దగ్గర అమ్ముకునేవాళ్లకు ఇచ్చి బతుకుతోంది. హోటలు నడిపిన మనిషి ఆల్చిప్పలు గీకుతోందని ఊరు చూడకూడదని రాత్రిళ్లు వచ్చేది.

"వదినా..."

"ఆ గొడవ తర్వాత ఆయన మూడుసార్లు కళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లాడు" అందామె మెల్లగా. "కళ్లు బాగానే ఉన్నాయన్నారు. నమ్మలేదు. పాడైన చేపను పోల్చుకోలేనివాణ్ణి దేనికి పనికొస్తాననేవాడు. ఇంటికి ఏ చేప తెచ్చినా నా ముక్కు దగ్గర పెట్టేవాడు. బాగుందంటే... నా మనసు నొప్పించకూడదని అంటున్నావు కదూ అనేవాడు."

జెవ్దెత్ క్షమించమంటూ ఆమె చెయ్యి అందుకుని ముద్దు పెట్టుకోబోయాడు. ఆమె చెయ్యి వెనక్కి తీసుకుంది.

"నాకున్న హక్కు వదిలేస్తున్నాను జెవ్దెత్. ఆయనది ఆయన్నే అడుగు."

దీపం పట్టుకుని లోపలికి వెళ్లిపోయింది. కాసేపటికి చప్పుడు మళ్లీ మొదలైంది.

ఇదంతా చెప్పి జెవ్దెత్ నా చెయ్యి పట్టుకున్నాడు. "ఆయన్నే అడుగుదామని వెళ్లాను కదన్నా" అన్నాడు. "అది దెయ్యమై ఉంటే బాగుండేది."