నా కుర్చీలో కూర్చున్నవాడు

“ఈ ఫోరమ్‌లో ఏదైనా ఒక మాట అనండి తాతగారూ,” అంది మా సంఘానికి దాన్ని తెచ్చిన డాక్టర్ మృణాళిని, కళ్లజోడొకటి నా చేతిలో పెట్టి.

“ఎవరితో అనాలి?”

“ఎవరితోనూ కాదు. ఊరికే అనండి. మాట అక్కడే ఉంటుంది. కావలసినవాళ్లు వచ్చి వింటారు.”

ఎవరితోనూ కాకుండా మాట్లాడేవాణ్ని మా వైపు పిచ్చివాడంటారు. ఆ సంగతి ఆమె మొహం మీదే చెప్పాను. మా విత్తనాల సంఘం అంతా గొల్లుమంది.

చంద్రుడి మీద మా బతుకు ఎలాంటిదో ముందు చెప్పాలి. ఒక్కో ఇల్లు ఒక్కో గాజు గుమ్మటం. గుమ్మటానికీ గుమ్మటానికీ మధ్య గాలి లేదు. పక్కింటికి పోవాలన్నా సొరంగంలో బండెక్కాలి. అందుకని సంఘం మాటలన్నీ ఈమెయిల్ లిస్ట్‌లో నడిచేవి. ఒకడు మెయిల్ పెడితే అందరిళ్లకీ వెళ్తుంది. నా చదువు సంతకం వరకే. వచ్చిన మెయిల్‌ని ఇంట్లో ఉన్న మాట్లాడే పెట్టె చదివి వినిపించేది, నేను చెప్పింది రాసి పంపేది. “జోగులు గారూ, మీకో మాట” అని పెట్టె అంటే, మనిషి గుమ్మంలోకొచ్చి పిలిచినట్టుండేది.

ఆ లిస్ట్‌లోనే నాకు అన్యాయం జరిగింది.

ఒక్క రాత్రి రెండు వారాలుండే చోట, బూడిదలాంటి మట్టిలో, చిక్కుడుకి పూత నిలబెట్టినవాణ్ని నేను. మిగతావాళ్ల పాదులు ఆకు దగ్గరే ఆగిపోయాయి. మా బావ దాలినాయుడు అడిగితే గుప్పెడు విత్తులు ఇచ్చాను. కాపు రాగానే “దాలి చిక్కుడు కాసింది” అని లిస్ట్‌లో మెయిల్ పెట్టాడు పెద్దమనిషి. అందరూ ఆ పేరే పట్టుకున్నారు. “అది ఎవడి చిక్కుడో అందరి ముందూ చెప్పు బావా” అని నేనూ అందరికీ వెళ్లేలాగే పెట్టాను. జవాబు లేదు. ఆ రోజు నుంచి అతనితో నాకు మాటల్లేవు. నాకు కావలసింది ఒక్కటే. ఆ పేరు మారాలి. మార్చేది అతని నోరే కావాలి.

ఏళ్ల తరబడి ఎదురు చూశాను. ఇంతలో ఈ ఫోరమ్ వచ్చింది.

మెయిల్ మన ఇంటికొస్తుంది, ఫోరమ్‌కి మనమే వెళ్లాలి. తేడా అంతే. కళ్లజోడు పెట్టుకుంటే పెద్ద హాలు, తలా ఒక కుర్చీ. చిక్కుడుకో గది, టమాటాకో గది. ఎప్పటి మాటలు అప్పటివి ఆ గదిలోనే ఉంటాయి.

“అదే నయం,” అంది టమాటాలు పెంచే రత్నమాణిక్యం. “ఆకు ముడత గురించి నేనొక్క మెయిల్ పెడితే, ‘అయ్యో పాపం’ అని సంఘమంతా మెయిల్ పెడుతుంది. వినలేక చస్తున్నాం.”

“పిలవకుండా ఎలా వెళ్తామమ్మా?” అన్నాను డాక్టర్‌తో.

“తలుపు ఎప్పుడూ తీసే ఉంటుంది కదా.”

“తలుపు తీసుందని దూరిపోడానికి నేనేమన్నా పిల్లినా?”

“మీరు రాకపోయినా పరవాలేదు తాతగారూ. ఎవరి కుర్చీనీ ఖాళీగా ఉండనివ్వం. అది నా పూచీ.”

ఆ మాటకి పడిపోయాను. రానివాణ్ని మనిషిని పంపి పిలిపిస్తారు కాబోలనుకున్నాను. మర్యాద తెలిసిన పిల్ల అనుకొని, ఫోరమ్‌కి సరేనని నేనూ చెయ్యెత్తాను. లిస్ట్ మూసేశారు.

పిలుపు రాలేదు. పెట్టె మూగబోయింది. సరే, చూద్దాం. నేను లేని సభ ఎన్నాళ్లు నడుస్తుంది? పూత రాలితే ఎవణ్ని అడుగుతారు? ఖాళీ కుర్చీ చూసి వాళ్లకే సిగ్గేస్తుంది, బండెక్కి వస్తారు. అలా పది నెలలు అలిగి కూర్చున్నాను.

బండి దిగింది రత్నమాణిక్యం. చేతిలో బుట్టెడు చిక్కుళ్లు.

“నువ్వు చెప్పినట్టే పూతకి ముందు నీళ్లు తగ్గించాను బాబాయ్. చూడు, కాపు ఎలా ఉందో!”

“నేనెప్పుడు చెప్పాను?”

“మొన్నేగా, ఫోరమ్‌లో. అయినా ఈ మధ్య ఎంత నెమ్మదస్తుడివయ్యావు బాబాయ్! ఇదివరకు నిన్నొక మాట అడగాలంటే హడలు పుట్టేది.”

“నేనక్కడ అడుగే పెట్టలేదే.”

“చాల్లే, మళ్లీ వేళాకోళం!” అని నవ్వుకుంటూ బండెక్కేసింది.

నేను తిన్నగా డాక్టర్ దగ్గరికి పోయాను. ఆమె ఏమీ తడుముకోలేదు.

“మీ కుర్చీలో ఉన్నది మీ ప్రతినిధి తాతగారూ. మీ పాత మెయిళ్లన్నీ మెషిన్ చదివింది. ఏదడిగితే మీరేమంటారో చూసుకొని ఆ మాటే అంటుంది. రానివాళ్లందరికీ ఒక్కోటి పెట్టాం. కుర్చీ ఖాళీగా ఉండదని ముందే చెప్పాను కదా.”

“నా మెయిళ్లు చదివితే నా కోపం రావాలిగా దానికి?”

“కోపం కొంచెం తగ్గించాం. ఫోరమ్‌కి రూల్స్ ఉన్నాయి.”

“మా బావతో మాట్లాడిందా అది?”

ఆమె మొహం వెలిగిపోయింది. “ఆ రోజు అందరం ఏడ్చాం! దాలినాయుడు గారు లేచి, ‘ఆ విత్తు జోగులుది. తప్పు నాది. ఇకమీదట దాన్ని జోగులు చిక్కుడనే పిలవండి’ అన్నారు.”

“తర్వాత?” అన్నాను.

“మీరు... అంటే అది... ‘పోనీలే బావా, మన మధ్య పేర్లేమిటి, దాలి చిక్కుడే బాగుంది’ అంది. హాలంతా చప్పట్లు!”

అక్కడికక్కడే ఆమె కళ్లజోడు లాక్కొని పెట్టుకున్నాను. “ఎవడ్రా నువ్వు? లే నా కుర్చీలోంచి!” అన్నాను. ఎదురుగా హాలు తలుపు మూసుకుపోయింది. “క్షమించండి. ఈ మాటతీరు జోగులు గారిది కాదు” అంది యంత్రం, ఎంతో మర్యాదగా.

“గొంతు ఎవరైనా దొంగిలించొచ్చు తాతగారూ, అందుకే మాటతీరుతో గుర్తుపట్టేలా చేశాం,” అంది డాక్టర్. “ పది నెలలుగా మీరక్కడ ఇలా మాట్లాడలేదు మరి.”

“అయితే దాన్ని తీసెయ్యి.”

సభ్యులు ఒప్పుకోవాలంది. అడిగింది కూడా. ఒక్కరూ ఒప్పుకోలేదు. “మా బాబాయ్‌ని ఏమీ చెయ్యకండి” అని రత్నమాణిక్యం కళ్లనీళ్లు పెట్టుకుందట.

ఇక మిగిలింది బావ. ఎవరూ పిలవకుండా ఎవరి గుమ్మమూ తొక్కనివాణ్ని, ఆ రోజు తొక్కాను. అతను పాదులకి పందిరి కడుతున్నాడు.

“రారా జోగులూ! మోకాళ్లు నొప్పులన్నావు నిన్న. ఎలా వచ్చావు?”

“నా మోకాళ్లు రాళ్లలా ఉన్నాయి. అది నేను కాదు బావా! పోనీలే అన్నది నేను కాదు. ఆ మాటేదో నాకు చెప్పు. నన్ను చూసి చెప్పు. పేరు మార్చు.”

చేతిలో తాడు పందిరికి చుట్టేసి నా దగ్గరికొచ్చాడు.

“నువ్వేరా. ఇలా అరిచేది నువ్వే,” అన్నాడు. “కానీ ఆ మాట నోటికి రావడానికి నాకు ఏళ్లు పట్టింది. కూడగట్టుకొని అనేశాను. ఇంక నా దగ్గర లేదు.”

“పేరో?”

“పేరు మారిస్తే నాకేం పోయింది? రేపే ఫోరమ్‌లో పెడతాను. కాకపోతే జోగులు ఒప్పుకోవాలిగా.”

“ఒప్పుకుంటున్నానుగా బావా!”

“నువ్వు కాదురా,” అన్నాడు బావ జాలిగా. “అతనికి మొహమాటం ఎక్కువ. ఎంత బతిమాలినా పుచ్చుకోడు.”