భూమవ్వ చేతి అడుగులు

వారం మొత్తానికి లక్ష్మణ్ వేసినవి తొమ్మిది వేల అడుగులు. ఆ అంకెను ఫోన్‌లో రెండుసార్లు చూసుకుని వినోద తలెత్తింది.

"మా ఇంట్ల గోడ గడియారం ముల్లు మీకన్న ఎక్కువ తిరుగుతది," అంది.

చొప్పదండిలో ఫ్లెక్సీలు కొట్టే దుకాణం అది. లక్ష్మణ్ అక్కడ డిజైనర్. పుట్టినరోజులు, పెళ్లిళ్లు, నాయకుల ముఖాలు, అన్నీ అతని కంప్యూటర్ మీదే తయారవుతాయి. పొద్దున తొమ్మిదికి కుర్చీలో కూర్చుంటే మళ్లీ లేచేది అన్నానికే. కరీంనగర్‌లోని ఒక ఆరోగ్య సంస్థ ఇలా కూర్చుని పనిచేసేవాళ్లను నలభై మందిని ఎంచుకుని చేతికి బ్యాండ్లు కట్టింది. అవి అడుగులు లెక్కపెడతాయి. యాభై నిమిషాలు కదలకపోతే ఇక లేవమని మణికట్టు మీద గుర్రుమంటాయి. శనివారం శనివారం వచ్చి ఆ లెక్కలు చూసే ఫిజియోథెరపిస్టు వినోద.

లక్ష్మణ్ తన బాధ చెప్పుకున్నాడు. బ్యాండు మోగే వేళకు ఎవరో ఒకరు నెత్తిమీద నిలబడి తన ఫొటో పక్కవాడి ఫొటో కంటే పెద్దగా పెట్టమంటారని, అప్పుడు లేస్తే మౌసు వాళ్లే అందుకుంటారని అన్నాడు. వినోద నవ్వింది. ఆ నవ్వు కోసమైనా వచ్చే శనివారానికి మంచి అంకె చూపించాలని అతను గట్టిగా అనుకున్నాడు. అనుకున్నాడంతే, లేవలేదు.

బుధవారం ఇంటికొచ్చి ముఖం కడుక్కుంటూ బ్యాండు తీసి కిటికీలో పెట్టాడు. తల్లి భూమవ్వ అదేమిటో చూద్దామని చేతికి తగిలించుకుని బీడీలు చుట్టడానికి కూర్చుంది. ఒళ్లో చాట, చాటలో తునికాకు, తంబాకు. ఆకు కత్తిరించడం, మెలిపెట్టడం, దారం చుట్టడం. ముప్పై ఏళ్లుగా ఆ చేతులకు అదే పని. రెండు గంటల తర్వాత లక్ష్మణ్ ఫోన్ చూసుకుంటే నాలుగు వేల అడుగులు పెరిగి ఉన్నాయి. మనిషి కూర్చున్నచోటు నుంచి లేవలేదు. చెయ్యి కదిలినప్పుడల్లా బ్యాండు ఒక అడుగు వేసుకుంటూ పోయింది.

లక్ష్మణ్ చాలాసేపు నవ్వుకున్నాడు. మర్నాటి నుంచి పనికి పోతూ బ్యాండును తల్లి చేతికే కట్టేవాడు, శనివారం మాత్రం తను పెట్టుకునేవాడు.

ఆ శనివారం వినోద కళ్లు పెద్దవయ్యాయి. రోజుకు పన్నెండు వేలు. ఎక్కడ నడుస్తున్నారని అడిగితే పొద్దున్నే గంగాధర ఊరి దారిలో అని నోటికొచ్చింది చెప్పాడు. పై శనివారం ఆమె నడిచేవాళ్లకు మంచివంటూ వేయించిన పల్లీలు తెచ్చింది. ఆ పై శనివారం చాయ తాగేదాకా కూర్చుంది. చేస్తున్నది తప్పని లక్ష్మణ్‌కు ఆరు రోజులూ తెలుస్తూనే ఉండేది. ఏడో రోజు వినోద వచ్చేది, తెలివి పోయేది.

ఐదో శనివారం ఆమె హుషారుగా వచ్చింది. సోమవారం కరీంనగర్‌లో మీటింగు అట. అందులో అందరికంటే ముందు చూపించేది లక్ష్మణ్ లెక్కలేనట. అవి చూసి పెద్దలు మెచ్చుకుంటే ఈ పని ఇంకో రెండేళ్లు చొప్పదండిలోనే సాగుతుంది. లేకపోతే తనను ఆదిలాబాద్ పంపిస్తారు.

"నాకైతే ఈడనే ఉండాలని ఉంది," అంది వినోద, ఎటో చూస్తూ. వెంటనే, అతను రోజూ నడిచే దారి ఒకసారి చూపించమని, మీటింగుకు ఫొటో కావాలని అడిగింది.

ఇద్దరూ బయలుదేరారు. పది నిమిషాలకే లక్ష్మణ్‌కు ఆయాసం వచ్చింది. తన పక్కన నడిస్తేనే ఇలా అవుతుందా అని వినోద ఏడిపించింది. అందులో సగం నిజమే కావడం అతని ఖర్మ. ఇంతలో వాన మొదలైంది. పరుగెత్తి బస్సు షెల్టరులో నిలబడ్డారు. చినుకులు ఆమె జడ మీద నిలబడి, దిగాలా వద్దా అని ఆలోచిస్తున్నాయి. లక్ష్మణ్ కూడా ఆలోచిస్తున్నాడు. నోరు మూసుకుంటే ఆమె ఇక్కడే ఉంటుంది. కానీ సోమవారం అంతమంది ముందు తన అబద్ధాన్ని ఆమె నోటితో చెప్తుంది. అది అతను తట్టుకోలేకపోయాడు.

"మేడం, గా అడుగులు నావి కావు. మా అవ్వవి."

"అవ్వ గంతగనం నడుస్తదా?"

"నడవది. కూసోని బీడీలు చుడ్తది."

వాన తగ్గగానే వినోద, నన్ను మీ ఇంటికి తీసుకుపొండి అంది.

ఇంట్లో భూమవ్వ చాట ఒళ్లో పెట్టుకునే ఉంది. వినోద ఆమె పక్కన కూర్చుని, లక్ష్మణ్ చేతి బ్యాండు విప్పించి అవ్వ కాలికి కట్టింది. అరగంట చూసింది. బీడీల కట్టలు పెరిగాయి, అంకె మాత్రం ఒక్కటీ పెరగలేదు. భూమవ్వ పాదాలు వాచి ఉన్నాయి. వినోద వేలితో నొక్కితే గుంట పడి, చాలాసేపటికి గానీ నిండలేదు.

బయటికొచ్చాక ఆమె మెల్లగానే మాట్లాడింది.

"నాతోని అబద్ధమాడిండ్రు, గా కోపం నాకుంది. కానీ నెల రోజులు బ్యాండ్ అవ్వకు కట్టిండ్రు. అవ్వ ఎంతసేపు కూసుంటుందో ఒక్కనాడన్న చూసిండ్రా?"

ఆ వాపు లక్ష్మణ్ రోజూ చూసేదే, వయసు మీద వచ్చిందనుకున్నాడు.

సోమవారం వినోద అతని లెక్కలు తీసేసింది. ఎందుకు తీసేసిందో కూడా మీటింగులో దాచకుండా చెప్పింది. చొప్పదండి పని ఆగిపోయింది, బ్యాండ్లు ఎవరివి వాళ్లకే వదిలేశారు. ఆమె ఆదిలాబాద్ వెళ్లింది. వెళ్తూ ఒకే ఒక్క మెసేజ్ పెట్టింది, అవ్వను గంటకోసారి లేపండి అని.

లక్ష్మణ్ పాత బ్యాండును తల్లి కాలికే ఉంచి, తనకు వేరేది కొనుక్కున్నాడు. అది గుర్రుమనగానే లేచి ఇంటికి ఫోన్ చేసేవాడు. భూమవ్వ చాట దించి ఫోన్ చెవిన పెట్టుకుని వాడకట్టు చివరిదాకా పోయొచ్చేది, ఇక్కడ కొడుకు దుకాణం ముందు తిరిగేవాడు. వండిన కూర గురించి, ఎదురింటి గొడవ గురించి ఇద్దరూ మాట్లాడుకునేవాళ్లు. ఇన్నేళ్లలో తల్లితో అంతగా మాట్లాడింది లేదని అతనికి అప్పుడు తెలిసింది. ప్రతి శనివారం ఇద్దరి లెక్కలూ, ఎంత చిన్నవైనా సరే, ఉన్నవి ఉన్నట్టు వినోదకు పంపేవాడు. ఆమె చూసినట్టు వాట్సాప్‌లో నీలం గీతలు పడేవి. జవాబు వచ్చేది కాదు.

భూమవ్వ కాళ్ల వాపు తగ్గుతూ వచ్చింది. ఒక శుక్రవారం ఆమె కొడుకును కూర్చోబెట్టి, శనివారం పూట ముఖం ఎందుకలా వేలాడేస్తావని నిలదీసింది. మొత్తం విన్నాక, రేపు పొద్దున బస్సుకు పోదామంది.

జగిత్యాల, నిర్మల్ మీదుగా ఆదిలాబాద్ చేరేసరికి మధ్యాహ్నమైంది. సంస్థవాళ్లను అడుగుతూ వెళ్తే, పత్తి నుంచి గింజలు తీసే జిన్నింగ్ మిల్లు ఆవరణలో, మరాఠీ, తెలుగు కలిపి మాట్లాడుకుంటూ పత్తిలో చెత్త ఏరుతున్న ఆడవాళ్ల కాళ్లకు వినోద బ్యాండ్లు కడుతోంది. ఆమె జుట్టు నిండా పత్తి నూగు. వీళ్లను చూసి లేచి నిలబడింది. ముందు భూమవ్వ పాదాలు చూసింది, తర్వాతే ముఖం.

"బిడ్డా," అంది భూమవ్వ. "వీడు అబద్ధమాడిండు. నువ్వు దూరమైతవని ఎరికె ఉండి గూడ నిజం చెప్పిండు. రెండు చూసినవ్. నీకు ఇష్టముంటె మీ బాపుతోని నేను మాట్లాడుత. లేకుంటె జర చాయ తాగి మా తొవ్వ మేం పోతం."

వినోద లక్ష్మణ్ వైపు తిరిగింది. "అవ్వ అడిగింది. మరి మీరు?"

"మీరంటే నాకు పానం," అన్నాడు లక్ష్మణ్. "నా మాట మళ్ల నమ్మబుద్ధి అయితదా అని అడుగుదామని వచ్చిన."

ఈ వారం ఎన్ని అడుగులని ఆమె అడిగింది.

పెద్ద అంకె చెప్పడానికి అంతకంటే అవసరమైన క్షణం అతని జీవితంలో లేదు.

"పదహారు వేలు. వారం మొత్తానికి. పెండ్లిళ్ల గిరాకి ఉండె, నాలుగు దినాలు బ్యాండ్ మోగినా లేవలే."

వినోద ముఖంలో అన్నాళ్ల బిగువు సడలింది.

"పదకొండు శనివారాల సంది మీ మెసేజ్ కోసమే చూస్తున్న," అంది. "కోపం పోకున్నా చూసిన. ఇయ్యాల రాలేదని పొద్దటి సంది పరేషాన్ అయిన."

తర్వాత భూమవ్వ చెయ్యి పట్టుకుంది. "రేపు ఆదివారం, మా బాపు కరీంనగర్ల ఇంట్లనే ఉంటడు. ఇయ్యాల సాయంత్రం బస్సుకు ముగ్గురం కలిసే పోదాం, అత్తమ్మా."