ఒంటిగంట దగ్గర దిగని గీత

"కొండ మీది కేబుల్ కారు బోల్టుల్లో విదేశీ ముఠా చెయ్యి పెట్టింది, పిచ్చుకా." చెవిలో దాచిన రిసీవర్‌లో చీఫ్ గొంతు. "పొద్దున్నే బిగించేశారు. నాలుగింటికి బడిపిల్లలతో మొదటి ట్రిప్. రుజువు దొరికితే 'గొడుగు మూయండి' అను, ఆపేస్తా. ఉత్త అనుమానంతో ఆపలేను."

ఏజెంట్ పిచ్చుక గడియారం చూసుకుంది. ఆ పిల్లల్లో ఆమె కూతురుంది.

మూడుంబావుకి ఇన్‌స్పెక్టర్ వేషంలో బోల్టుల ఫ్యాక్టరీలో అడుగుపెట్టింది. తీగచుట్ట ముక్కలవుతోంది. ఒక్కో ముక్క నెత్తిన దెబ్బ పడి తల మొలుస్తోంది. రెండు ఉక్కు పలకల మధ్య నలిగి మరలు తేలుతున్నాయి. కొలిమిలో కాలి, నూనెలో మునిగి, గట్టిపడి, చివరికి జింకు పూత. ఎక్కడ చూసినా సవ్యమే. అదే ఆమెకు మరింత దడ పుట్టించింది.

ల్యాబ్ మేడమ్ నవ్వింది. ఎర్రటి లిప్‌స్టిక్, పట్టు స్కార్ఫ్. పిచ్చుక డిపార్ట్‌మెంటే తన గూఢచారిగా ఇక్కడ నాటిన మనిషి.

"పర్‌ఫెక్ట్ బ్యాచ్. పూత అయ్యాక ఎనిమిది గంటలు ఓవెన్‌లో ఉంది. ఓవెన్ వేడిని గీసిన మంగళవారం చార్ట్ ఇదిగో. ఎందుకంత కంగారు?"

పూత పూసేటప్పుడు ఉక్కులోకి హైడ్రోజన్ దూరుతుంది. ఓవెన్‌లో కాగితేనే వదులుతుంది. లేదంటే బోల్టు నిగనిగలాడుతూనే, బిగించిన కొన్ని గంటలకి పుటుక్కున విరుగుతుంది. చార్ట్ మీద గీత మాత్రం తీర్చిదిద్దినట్టుంది.

ఓవెన్ చూసే తాత తొంగిచూశాడు. "ఇది నా పొయ్యి గీత కాదమ్మా!"

"ఎలా చెప్తావ్ తాతా?" అంది పిచ్చుక.

"మంగళవారం డ్యూటీ నాదే. ఒంటిగంటకి తలుపు తీసి క్యారేజీ వెచ్చబెట్టుకున్నా. రోజూ అక్కడ గీత కిందికి జారాల్సిందే. పైవాళ్లకి చెప్పకేం, ఉద్యోగం పీకేస్తారు!"

మేడమ్ హ్యాండ్‌బ్యాగ్‌లోంచి పిస్టల్ బయటికొచ్చింది. "ముసలాడి తిండి సంగతి మావాళ్లెవరూ చెప్పలేదే!"

మూడూ యాభై ఏడు.

తాత పక్కనున్న డ్రమ్మును తన్నాడు. వేల బోల్టులు జరజరా దొర్లాయి. హైహీల్స్ జారాయి. తూటా పైకప్పులో దిగింది. తాత పిస్టల్‌ని బూటు కింద తొక్కిపట్టాడు.

"గొడుగు మూయండి! చీఫ్, మూయండి!"

రిసీవర్‌లో ఉత్త బరబర. గోడగడియారం నాలుగు కొట్టింది. పిచ్చుక మళ్లీ మళ్లీ అదే మాట అరిచింది. కళ్ల ముందు లోయ తప్ప ఏమీ లేదు.

సెల్ మోగింది.

"అమ్మా! ఎక్కించి, తలుపు కూడా వేశాక దింపేశారు! నువ్వేగా ఫోన్ చేసి భయపెట్టింది? ప్రతి పిక్నిక్‌కీ ఇదే గోల నీది!"

"అవునే తల్లీ, నేనే," అంది పిచ్చుక వెక్కుతూ.

పదేళ్ల ఉద్యోగంలో ఇంట్లో చెప్పడానికి కవర్ స్టోరీ అల్లే పని లేకుండా ముగిసిన మిషన్ అదొక్కటే.