చక్రాలు నేలను తాకేదాకా

“సాయంత్రం స్పెషల్ ఫ్లైట్ రన్‌వే చేరకూడదని వాళ్ల ప్లాన్. చేరాలని మనది. అంతే అల్లుడూ,” అన్నాడు చీఫ్, మంగలి కుర్చీలో మొహం నిండా నురగతో.

ఆ గూఢచారి శాఖలో చుట్టరికాలే కోడ్ నేమ్స్. చీఫ్ మామయ్య, ఏజెంట్ అల్లుడు. ఆ ప్లాన్ వేసిన విదేశీ ముఠాలో ఉంటూ వీళ్లకు కబుర్లందించే డబుల్ ఏజెంట్ వదిన. ఇవాళ ఆమె అల్లుడికి భార్య వేషం వెయ్యాలి. వరసలు ఇలా కలిపెయ్యడం ఏం పద్ధతని అల్లుడు లోలోపల నొచ్చుకున్నాడు.

యుద్ధం ఆపే ఒప్పందానికి వస్తున్నవాళ్లు ఆ విమానంలో ఉన్నారు. అది దిగే దారిలో ఎక్కడో పేలుడు డ్రోన్ దాచారు. దాన్ని లేపే రిమోట్ విమానాశ్రయం పక్క హోటల్ మేడ మీద ఎవరి చేతిలోనో ఉంటుంది. విమానాన్ని దారి మళ్లిస్తే ఆ మనిషి జారుకుని, రేపు మరోచోట పని కానిస్తాడు.

ఆ మేడ మీద రోజూ కొందరు సరదాకి చేరి, దిగే విమానాలకు వేళ్లెత్తి మార్కులేస్తారు. వాళ్లలో పెద్దాయన్ని అందరూ జడ్జిగారంటారు. ముక్కు కాస్త పైకుండాలనీ, రెక్కలు ఊగకూడదనీ, చక్రాలు నేలను తాకి పొగ లేచేదాకా మార్కు వెయ్యడం పాపమనీ ఆయన కొత్త దంపతుల్లా వచ్చిన అల్లుడికీ వదినకీ పాఠం చెప్పాడు.

రిమోట్ దగ్గర్లో ఉంటే వణకాలని శాఖ ఇచ్చిన సిగ్నల్ పెన్ విమానాశ్రయం రాడార్ దెబ్బకి ఆగకుండా వణుకుతోంది. రాయడానికి కూడా పనికిరాలేదు.

“రిమోట్ ఆ కెమెరావాడి దగ్గరే,” అంది వదిన, నల్లకళ్లద్దాల వెనక నుంచి.

ఒక విమానం వచ్చింది. తలలన్నీ ఒక్కసారిగా దాని వెంట తిరిగాయి. కెమెరావాడు పొగ లేచేదాకా చూసి నిట్టూర్చాడు. ఒక్క బైనాక్యులర్స్ మాత్రం, విమానం రన్‌వేకి ముందున్న నీళ్ల ట్యాంకు దాటగానే కిందికి దిగింది. వదినది.

తర్వాతి విమానానికీ అంతే.

“ఎలా దిగిందంటావ్?” అన్నాడు అల్లుడు మామూలుగా.

“బ్రహ్మాండంగా.”

అది బంతిలా రెండుసార్లు ఎగిరిపడింది. జడ్జిగారు రెండే వేళ్లెత్తాడు. అల్లుడికి విషయం అర్థమైంది. ఈమెకి దిగడంతో పనిలేదు. ట్యాంకు మీద ఎంత ఎత్తున వస్తుందో అదే కావాలి.

దూరాన స్పెషల్ ఫ్లైట్ లైట్లు కనిపించాయి. వదిన చెయ్యి పౌడరు డబ్బా తెరిచింది.

అల్లుడు ఆ మణికట్టు పట్టుకున్నాడు. “ఇటివ్వు వదినా.”

“ఆలస్యమైంది,” అందామె నవ్వుతూ. బొటనవేలు అద్దంలో దాచిన మీట మీదికి పాకుతోంది.

ఇన్ని ప్రాణాలను ఒక వేలి కింద ఎందుకు పెడతావు స్వామీ అని అడగాలనిపించింది. అడిగే వ్యవధి లేదు. చెయ్యి మెలిపెట్టాడు. ఇద్దరూ వెళ్లి జడ్జిగారి మీద పడ్డారు. డబ్బా జారి అల్లుడి చేతికి చిక్కింది. విమానం ట్యాంకు దాటింది. చక్రాల కింద తెల్లగా పొగ లేచింది.

“నీళ్ల ట్యాంకు వెతకండి,” అని కాలర్ మైకులో గొణిగి, ఆమె స్కార్ఫ్ చాటున బేడీలు వేశాడు.

జడ్జిగారు లేచి బట్టలు దులుపుకున్నాడు. “పదికి పది వెయ్యాల్సిన ల్యాండింగ్, చూడనివ్వలేదు కదయ్యా. ఇంటి గొడవలు ఇంట్లో పెట్టుకోకూడదూ?”

“క్షమించండి బాబాయ్‌గారూ. ఇదే ఆఖరి గొడవ,” అన్నాడు అల్లుడు, ఆమెను మెట్ల వైపు నడిపిస్తూ. “ఇవాళ్టితో విడిపోతున్నాం.”